పచ్చపట్టీ చెప్పిన అబద్ధం

పోయిన వారం పూర్ణిమను తార్నాక ఆఫీసులో, కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చున్న దగ్గర వదిలాం. వెతుకుతున్న తప్పు ఆమెకు దొరికింది. దొరికినందుకు సంతోషపడాల్సింది పోయి ఆమెకు ఒళ్లు మండిపోయింది. అంతగా ఎందుకు మండిందో తెలియాలంటే ఆ పోర్టల్ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి.

విశ్వవిద్యాలయం పిల్లలు ఫోన్‌లో తెరిచే ఆ పేజీ చూడ్డానికి ఒక్కటే గానీ కట్టింది ఒక్కరు కాదు. హాస్టల్ భాగం ఒక కంపెనీది. లైబ్రరీ భాగం ఇంకొకరిది. పరీక్షల రిజిస్ట్రేషన్ మరొకరిది. ఎవరి భాగాన్ని వాళ్లు విడిగా తయారుచేసి పంపిస్తారు. అవన్నీ విద్యార్థి బ్రౌజర్‌లోకి దిగి, అక్కడ ఒక చట్రంలో కుదురుకుని, ఒకే పేజీలా కనిపిస్తాయి. ఆ చట్రాన్ని ఆఫీసులో అందరూ షెల్ అంటారు. దాన్ని కట్టింది రఘువీర్ కంపెనీ. రోజూ దాని మంచీచెడ్డా చూసేది పూర్ణిమ.

నవత అనే ఎమ్మెస్సీ అమ్మాయి ఆ పేజీలోనే ఆఖరి సెమిస్టర్ పరీక్షలకు దరఖాస్తు పెట్టుకుంది. "మీ దరఖాస్తు అందింది" అని పైన పచ్చపట్టీ వచ్చింది. ఎందుకైనా మంచిదని స్క్రీన్‌షాట్ తీసుకుంది. తీరా హాల్‌టికెట్ల రోజున చూస్తే ఆమె పేరు లేదు. మా సర్వర్‌లో నీ దరఖాస్తు లేదు, అది రాసుకునే చిట్టాల్లో, అంటే లాగ్స్‌లో, దాని జాడ కూడా లేదు, నువ్వు పంపనే లేదు అన్నారు పరీక్షల విభాగం వాళ్లు. స్క్రీన్‌షాట్ చూపిస్తే అది నువ్వే తయారు చేసుకున్నావన్నారు. అంటే ఫోర్జరీ. దానికో విచారణ కమిటీ. ఇలాగే పేర్లు గల్లంతైన పిల్లలు ఇంకా కొందరుంటే, వాళ్లు భయపడి, మేమే మర్చిపోయాం క్షమించండి అని రాసిచ్చేశారు. నవత రాసివ్వనంది. కమిటీ ఆమెను అబద్ధాలకోరని తేలిస్తే డీబార్ చేస్తారు. చదువు అక్కడితో ఆగిపోతుంది.

ఇక పూర్ణిమకు దొరికింది ఇదీ. షెల్‌లో ఒక స్విచ్ ఉంది. పేరు డెమో మోడ్. పోర్టల్ ప్రారంభించిన నాడు పెద్దల ముందు ప్రదర్శన పెట్టారు. పేజీలో ఏ భాగం తప్పు చేసినా బ్రౌజర్ లోపల ఎర్రగీతగా కనిపిస్తుంది. "ఒక్క ఎర్రగీత కనపడకూడదు" అన్నాడు రఘువీర్. అన్నాడు గనక చేశారు. ఆ స్విచ్ వేసి ఉంటే, ఏ భాగం తప్పు జరిగిందని మొత్తుకున్నా షెల్ ఆ మాటను మింగేయాలి. తప్పు ఏదీ బయటపడలేదు గనక అంతా బాగున్నట్టే, పచ్చపట్టీ చూపించేయాలి. ప్రదర్శన దివ్యంగా జరిగింది. శాలువాలు కప్పుకున్నారు, ఫొటోలు దిగారు, భోజనాలు చేశారు. ఆ స్విచ్ తీసేయాలన్న సంగతి మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు.

భాగాలు ఎందరివైనా ఉండేది ఒకే పేజీలో కదా. షెల్ నోరు మూస్తే అందరి నోళ్లూ మూసుకుపోయాయి. ప్రతి సోమవారం కంపెనీలన్నీ ఫోన్‌లో కలుస్తాయి. మా వైపు క్లీన్ అంటారు హాస్టల్ వాళ్లు. మా వైపూ క్లీన్ అంటారు పరీక్షల వాళ్లు. అందరి వైపూ శుభ్రమే, ఎవరి దగ్గరా ఒక్క ఎర్రగీత లేదు. పేజీ నోరు కట్టేసి, అది ఏమీ అనడం లేదు గనక ఆరోగ్యంగా ఉందని సంబరపడ్డారు ఇంతమంది చదువుకున్నవాళ్లు.

తప్పు దొరికిన మర్నాడే విచారణ.

తార్నాక చౌరస్తా దాటాక సందులోకి తిరిగితే రఘువీర్ ఆఫీసు. కింద టిఫిన్ సెంటర్. పైకి వెళ్లేముందు అక్కడ నిలబడి రెండిడ్లీ తినడం రఘువీర్‌కు అలవాటు. పూర్ణిమ మెట్రో దిగి నేరుగా ఆయన దగ్గరికే వెళ్లింది.

"సార్, డెమో మోడ్ ఇంకా ఆన్‌ల ఉన్నది."

"ఏ డెమో?"

"ప్రారంభం నాడు మీరు పెట్టమన్నది. అప్పటిసంది తీయలే. పిల్లలకు తప్పు జరిగినా మన షెల్ పచ్చపట్టీ చూపిస్తున్నది. ఆ నవతది గిట్లనే పోయింది."

రఘువీర్ నమలడం ఆపాడు. అల్లం చట్నీ గిన్నెను పక్కకు జరిపాడు. కర్చీఫ్ తీసి మూతి తుడుచుకున్నాడు.

"ఎవరికైనా చెప్పావా?"

మొట్టమొదట అడిగిన మాట అదే. ఎంతమంది పిల్లలవి పోయాయని కాదు. ఆ అమ్మాయి పరిస్థితి ఏమిటని కాదు. ఎవరికైనా చెప్పావా.

"మీకే చెప్తున్న సార్. ఇయ్యాల్నే ఆ పిల్ల విచారణ ఉన్నది. మనిద్దరం ఎట్లాగూ పోతున్నం కదా. తప్పు మా దగ్గర జరిగింది, పిల్లది కాదు అని చెప్దాం. స్విచ్ తీసేద్దాం."

"చెప్తాం. కాదన్నానా? దేనికైనా ఒక ప్రాసెస్ ఉంటుంది పూర్ణిమా. వచ్చే రిలీజ్‌లో సైలెంట్‌గా తీసేద్దాం. ఎవరికీ తెలీదు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఇప్పుడు వెళ్లి వాళ్ల ముందు మేమే పేజీ నోరు మూశామని చెప్తే మళ్లీ ఏ యూనివర్సిటీ అయినా మనల్ని గుమ్మం ఎక్కనిస్తుందా?"

"అప్పటిదాక ఆ పిల్ల సంగతేంది?"

"క్షమాపణ రాసిచ్చేస్తే వాళ్లే వదిలేస్తారు. మిగతావాళ్లు ఇవ్వలేదా?"

"చేయని తప్పుకు ఎందుకు రాసియ్యాలె సార్?"

రఘువీర్ ఆమె వైపు జాలిగా చూశాడు. ఆయనకు కోపం వచ్చి ఉంటే పూర్ణిమ భరించేది. ఆ జాలిని మాత్రం భరించలేకపోయింది.

"చూడు, నిన్ను అబద్ధం చెప్పమనట్లేదు. షెల్ లాగ్స్‌లో ఎర్రర్స్ ఉన్నాయా అని అడుగుతారు. లేవు అని చెప్పు. నిజంగానే లేవు కదా."

నిజమే, లేవు. మనిషి నోట్లో గుడ్డలు కుక్కి, ఈయన మా మీద ఫిర్యాదేమీ చెయ్యలేదండీ అని చెప్పడం కూడా ఆ లెక్కన నిజమే. పూర్ణిమ వెళ్లి ఆయన కారులో కూర్చుంది. మాట్లాడితే అక్కడే నడిరోడ్డు మీద ఏదో ఒకటి అనేస్తుందని ఆమెకే భయం వేసింది.

కారు క్యాంపస్ గేటు దాటింది. చెట్ల కింద, బస్‌స్టాప్ గట్ల మీద, క్యాంటీన్ ముందు, ఎక్కడ చూసినా పిల్లలు ఫోన్లలోకి తలలు వంచుకుని ఉన్నారు. ఆ రోజు హాస్టల్ రెన్యూవల్‌కు ఆఖరి రోజు. సప్లిమెంటరీ పరీక్షల రిజిస్ట్రేషన్‌కు కూడా. ఒకమ్మాయి ఫోన్ పైకెత్తి పక్కనున్న అమ్మాయికి చూపించి నవ్వింది. పచ్చపట్టీ వచ్చి ఉంటుంది పాపం. పూర్ణిమ కళ్లు తిప్పుకుంది.

పరీక్షల విభాగం పై అంతస్తులో, గోడకు పెద్ద తెర ఉన్న గదిలో కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు ప్రొఫెసర్ సోమయాజులు. ఆయనకు కోపం రావడం ఎవరూ చూడలేదని క్యాంపస్‌లో చెప్పుకుంటారు. కోపం తెచ్చుకోకుండానే ఎదుటి మనిషిని ఎంత నలపవచ్చో ఆయన ముందు నిలబడ్డవాళ్లకే తెలుసు. పక్కన న్యాయశాస్త్రం చెప్పే సుధామయి కూర్చుని ఉంది. బల్లకు ఇవతల, గోడవారగా వేసిన కుర్చీలో నవత. బక్కపలచని పిల్ల. సంచీ ఒళ్లో పెట్టుకుని, దాని మీద ఫోన్ పెట్టుకుని, ఫోన్ మీద రెండు చేతులూ పెట్టుకుంది. గోడ మీద తెరనిండా ఆమె స్క్రీన్‌షాటే వేసి ఉంచారు. దొంగసొత్తు ప్రదర్శనకు పెట్టినట్టు.

"చూడమ్మా, మేం నీకు శత్రువులం కాము," అన్నాడు సోమయాజులు. "మిగతా పిల్లలందరూ రాసిచ్చారు. వాళ్లకి లేని కష్టం నీకేమిటి? మర్చిపోయానని ఒక్క ముక్క రాసేయ్. ఈ ఫోర్జరీ మాట మేమూ మర్చిపోతాం."

"నేను మర్చిపోలే సార్."

"మరి నీ దరఖాస్తు ఏదీ?"

"పంపిన సార్. ఫారం నింపుతుంటే మధ్యల మా అమ్మ ఫోన్ చేసింది. జరసేపు మాట్లాడి మళ్ల వచ్చి నొక్కిన. పచ్చగ వచ్చింది. అందిందని మీ పేజే చెప్పింది. మీ పేజీ చెప్తె నమ్మొద్దా సార్?"

"సర్వర్‌లో లేదే మరి."

"గది నాకెట్ల తెలుస్తది సార్? నా చేతుల ఫోనే ఉన్నది. సర్వర్ మీ దగ్గరున్నది."

సుధామయి రాసుకుంటున్నదల్లా తలెత్తి చూసింది. సోమయాజులు చిన్నగా నవ్వాడు.

"ఇలాంటి బొమ్మ తయారు చేయడం ఈ రోజుల్లో ఎంతసేపమ్మా? మా మనవడు చిటికెలో చేసేస్తాడు. యంత్రానికి నీ మీద పగేముంది చెప్పు? అది చూసిందే రాసుకుంటుంది. రాసుకోలేదంటే జరగలేదన్నమాట. మనుషులే అబద్ధాలాడేది."

నవత పెదవులు బిగించుకుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి గానీ కిందికి జారనివ్వలేదు.

"నేను గట్ల రాసిస్తే అబద్ధం ఒప్పుకున్నట్టే కదా సార్. మా అమ్మకు ఏమని చెప్పాలె? నీతోటి ఫోన్ మాట్లాడి మర్చిపోయిన అని చెప్పాల్నా? ఆమె నాతోటి ఇంకెప్పుడన్న నిమ్మళంగ మాట్లాడుతదా?"

పూర్ణిమకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ తల్లి ఫోన్ చేయడమే అసలు కారణం. పేజీ తెరిచి కాసేపు ముట్టుకోకుండా వదిలేస్తే లాగిన్ గడువు తీరిపోతుంది. ఆ తర్వాత పంపమని నొక్కితే దరఖాస్తు ఫోన్ దాటి బయటికే పోదు. ఆ భాగం, పోలేదు పోలేదు అని మొత్తుకుంటుంది. షెల్ ఆ మొత్తుకోళ్లను మింగి, అందింది అని పచ్చగా నవ్వుతుంది. కూతుర్ని తిన్నావా అని అడిగిన పాపానికి ఒక తల్లి ఈ గదిలో నేరంలో భాగస్తురాలైంది.

"రఘువీర్ గారూ, మీ వైపు సంగతి చెప్పేస్తే ముగించేద్దాం," అన్నాడు సోమయాజులు.

"మా పూర్ణిమ చెప్తుంది సార్. లాగ్స్ అన్నీ తనే చూస్తుంది," అంటూ రఘువీర్ ఆమె వైపు చూసి తలాడించాడు. పొద్దున చెప్పింది గుర్తుంది కదా అని ఆ తలాడింపుకు అర్థం.

పూర్ణిమ ల్యాప్‌టాప్‌ను తెరకు తగిలించింది. నవత స్క్రీన్‌షాట్ పోయి, దాని చోట షెల్‌కు చేరిన తప్పులు కనపడాల్సిన పేజీ వచ్చింది. తెల్లగా, ఖాళీగా ఉంది.

"ఆ రోజు ఈ అమ్మాయి దరఖాస్తులో ఏమైనా తప్పు నమోదైందా?"

"కాలేదు సార్."

నవత తల వాలిపోయింది. సోమయాజులు కలం తీశాడు. రఘువీర్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"నేను ఇంక చెప్పేది అయిపోలే సార్," అంది పూర్ణిమ. "ఆ రోజే కాదు. పోర్టల్ మొదలుపెట్టిన నాటిసంది ఒక్క తప్పు సుత నమోదు కాలే. ఇన్ని కంపెనీలు కట్టిన పేజీ అది. క్యాంపస్ క్యాంపస్ మొత్తం వాడుతున్నది. ఒక్కటంటే ఒక్క తప్పు లేదంటే మీరు నమ్ముతరా?"

"అంటే మీరు బాగా కట్టారని అర్థం."

"మేము దాని నోరు మూసినమని అర్థం సార్."

"పూర్ణిమా," అన్నాడు రఘువీర్. గొంతులో హెచ్చరిక ఉంది.

పూర్ణిమ ఆయన వైపు తిరగలేదు. తిరిగితే ఆగిపోతుందేమోనని తెర వైపే చూస్తూ చెప్పేసింది. ప్రారంభోత్సవం, ఎర్రగీతలు కనపడొద్దన్న ఆజ్ఞ, డెమో మోడ్, తీయడం మర్చిపోవడం, అన్నీ. ఎక్కడా పెద్ద మాటలు వాడలేదు. 

"ఈ పిల్ల అబద్ధమాడలే సార్. అబద్ధమాడింది మా పచ్చపట్టీ. మీరు లాగ్స్‌ల జాడ లేదని ఈమెను దోషి అంటున్నరు. జాడ లేకుంట చేసింది మేమే."

నవత తలెత్తి పూర్ణిమనే చూస్తోంది.

"ఇది ఊహా, రుజువా?" అడిగాడు సోమయాజులు.

"ఊహే సార్," అన్నాడు రఘువీర్ గబగబా. "టెక్నికల్‌గా చాలా పాసిబిలిటీస్ ఉంటాయి. మేం ఇంటర్నల్‌గా స్టడీ చేసి..."

"రుజువు గీడనే చూపిస్త," అంది పూర్ణిమ. "నవతా, ఇయ్యాల పొద్దున పోర్టల్ ఏమన్న తెరిచినవా?"

"హాస్టల్ రెన్యూవల్ ఫారం తెరిచిన అక్కా. బయట కూసున్నప్పుడు. సగం నింపినంక లోపలికి పిలిచిన్రు. గట్లనే ఉన్నది."

"మిగిలింది నింపు. కానీ ఇప్పుడే నొక్కకు." ఆమె కమిటీ వైపు తిరిగింది. "మీరు ఊ అంటే స్విచ్ తీసేస్త. షెల్ ప్రతిసారీ స్విచ్ ఎటుందో చూసుకున్నంకనే పట్టీ చూపిస్తది. తీసేసినంక ఈమె నొక్కుతది. ఏమొస్తదో అందరం చూద్దాం."

"విచారణలో ఇలాంటి ప్రయోగాలకి తావు లేదు," అన్నాడు సోమయాజులు.

సుధామయి గొంతు సవరించుకుంది. "చూస్తే పోయేదేముంది సార్? అమ్మాయి చెప్పేది తప్పయితే అదీ తేలిపోతుంది కదా."

ఆ మాటకు కాదనడం ఆయనకు కుదరలేదు. చెయ్యి అన్నట్టు వేళ్లు కదిపాడు. పూర్ణిమ ఆ స్విచ్ తీసేసింది. ఇన్నాళ్లూ ఇంతమందిని నలిపిన స్విచ్ తీయడానికి ఒక్క నొక్కు సరిపోయింది.

"ఇగ నొక్కు," అంది.

నవత నొక్కింది. చూసింది. ఏమీ అనకుండా లేచి వెళ్లి ఫోన్‌ను సోమయాజులు ముందు పెట్టింది. ఎర్రపట్టీ. "మీ దరఖాస్తు అందలేదు. మళ్లీ లాగిన్ అయి పంపండి." అదే సమయంలో గోడ మీద తెరలో, పైవరసలో, ఒక ఎర్రగీత పడింది. హాస్టల్ భాగం, లాగిన్ గడువు తీరింది, దరఖాస్తు వెళ్లలేదు.

"పరీక్షల భాగం ఒక కంపెనీది, హాస్టల్ భాగం ఇంకో కంపెనీది సార్," అంది పూర్ణిమ. "రెండింటి నోరు నొక్కింది మాత్రం మేమే. ఆ రోజు సుత ఆమెకు గిట్లనే అయ్యుంటది. పట్టీ రంగు ఒక్కటే వేరే."

సుధామయి ఫోన్ చేతిలోకి తీసుకుని చదివి, నవతకు తిరిగి ఇచ్చేసింది. "మరి ఫోర్జరీ అనడానికి ఆధారమేముంది సార్ ఇంక?"

సోమయాజులు తెర వైపు చూస్తున్నాడు. మొదటి గీత కింద రెండోది పడింది.

"ఇది ఎవరిది?"

"తెల్వదు సార్. బయట ఎవరో."

మూడోది పడింది. సప్లిమెంటరీ రిజిస్ట్రేషన్. దాని కింద ఇంకోటి. లైబ్రరీ నో డ్యూస్. తర్వాత వరసగా హాస్టల్, హాస్టల్, సప్లిమెంటరీ. కాసేపటికి తెరలో తెలుపు కనపడకుండా పోయింది. కింది గీతలు పైకి, పైవి ఇంకా పైకి జరుగుతూ కొత్తవాటికి చోటిస్తున్నాయి. గదిలో ఉన్నవాళ్లు గుడ్లప్పగించి చూస్తున్నారు. ఉంటాయని తెలుసు గానీ ఇన్ని ఉంటాయని పూర్ణిమ కూడా అనుకోలేదు.

"ఒక్కొక్క గీత ఒక్కొక్క ఫోన్ సార్," అంది. "విద్యానగర్ల రూముల ఉన్నోళ్లు, నల్లకుంటల ఉన్నోళ్లు, గీ చెట్ల కింద కూసున్నోళ్లు. పొద్దున్నుంచి గిట్లాంటోళ్లందరికి అందిందని చెప్పినం. వీళ్లను సుత రేపు పిలిచి, మీరు పంపలేదు, క్షమాపణ రాసియ్యిన్రి అంటమా?"

నవత ఆ తెరను చూస్తూ చెంపలు తుడుచుకుంది. ఇప్పుడు మాత్రం కన్నీళ్లను ఆపుకోలేదు. తను అబద్ధాలకోరును కానని ఇన్ని గీతలు సాక్ష్యం చెబుతున్నాయి.

"ఆపండి," అన్నాడు సోమయాజులు.

"ఏమి ఆపాలె సార్?"

"ఆ ఎరుపు. ఇవాళ ఆఖరి రోజు. ఇంతమందికి ఒకేసారి అందలేదు అందలేదు అని చూపిస్తే అందరూ ఫోన్లు పట్టుకుని ఇక్కడికే వస్తారు. మళ్లీ ఆ పచ్చదే పెట్టండి. సాయంత్రం గడువు అయ్యాక పద్ధతి ప్రకారం పరిశీలిద్దాం."

పూర్ణిమ తాను సరిగ్గానే విన్నదా అనుకుంది. "పచ్చది పెడితే వాళ్ల దరఖాస్తులు అందవు సార్. ఇప్పుడైతే అందలేదని తెలిసి మళ్లా పంపుకుంటున్నరు. గడువు అయినంక ఏం పరిశీలిస్తరు?"

"అందకపోవచ్చు. గొడవ మాత్రం ఉండదు."

ఎంత నెమ్మదిగా అన్నాడని. వాన పడేలా ఉంది, గొడుగు తీసుకో అన్నంత మామూలుగా అన్నాడు. ఒకమ్మాయిని ఇంతసేపు యంత్రం అబద్ధం చెప్పదమ్మా అని మందలించిన మనిషి, యంత్రం నిజం చెప్పడం మొదలుపెట్టగానే దాని నోరు నొక్కమంటున్నాడు. సిగ్గు అనేది ఉంటే ఆ గదిలో నేల చీలి ఉండేది. ఏమీ చీలలేదు. పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

"నేను పెట్టను," అంది పూర్ణిమ.

"పూర్ణిమా, సార్ చెప్పింది చెయ్," అన్నాడు రఘువీర్.

"పెట్టను అంటున్న కదా సార్."

రఘువీర్ లేచాడు. ల్యాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకున్నాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన ఆ చేతిని తీసి పక్కన పెట్టాడు, గట్టిగా కాదు, చిన్నపిల్లల చేతిని తీసినట్టు. కంపెనీ ఆయనది, పాస్‌వర్డ్ ఆయనది. స్విచ్ మళ్లీ పడింది. తెర మీద గీతలు పడటం ఆగిపోయింది. ఆయన ఆ పేజీని ఖాళీ చేసి కూడా చూపించాడు, తెల్లగా, శుభ్రంగా, ఎప్పటిలాగే.

"సారీ సార్. తను కొంచెం ఎమోషనల్," అన్నాడు.

పూర్ణిమ ఆ ఖాళీ తెరనే చూసింది. ఇప్పుడు బయట ఎవరో ఫారం నింపి నొక్కుతుంటారు. పచ్చగా వస్తుంది. హమ్మయ్య అనుకుని ఫోన్ జేబులో పెట్టుకుని టీ తాగడానికి పోతారు. వాళ్లు ఎవరో తనకు ఎప్పటికీ తెలియదు. ఈ గదిలో తను కూర్చుని ఉండగానే జరుగుతోంది ఇది.

గోడవార నుంచి నవత లేచింది. ఆమె ఫోన్‌లో ఆ ఫారం ఇంకా తెరిచే ఉంది. ఎవరినీ అడక్కుండా మళ్లీ నొక్కింది. ఫోన్ పైకెత్తి కమిటీ వైపు తిప్పింది. పచ్చపట్టీ. మీ దరఖాస్తు అందింది.

"సార్, ఇప్పుడు దీన్ని స్క్రీన్‌షాట్ తీసిన. మీ అందరి ముందట్నే తీసిన. ఇది ఎవరు తయారు చేసిన్రు సార్?"

సుధామయి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. సోమయాజులు మొహంలో రంగు మారడం ఆ గదిలోని వాళ్లు మొదటిసారి చూశారు.

"ఆ ఫోన్ ఇలా ఇవ్వు," అన్నాడు.

"ఎందుకు సార్?"

"విచారణకి సంబంధించిన వస్తువు అది. ఇక్కడ పెట్టి వెళ్లు. తర్వాత పిలిచి ఇస్తాం."

ఆయన చెయ్యి చాచాడు. పొద్దుటి నుంచి ఇంత ధైర్యంగా మాట్లాడిన పిల్ల ఆ చాచిన చేతిని చూసి బెదిరింది. ఎంతైనా ప్రొఫెసర్. రేపు మార్కులు వేసేది వీళ్లే. ఆమె పూర్ణిమ వైపు తిరిగింది.

"ఇయ్యాల్నా అక్కా?"

రఘువీర్ గొంతు తగ్గించి, పూర్ణిమకు మాత్రమే వినపడేలా అన్నాడు. "ఆలోచించి మాట్లాడు. నువ్వు మా మనిషివి. ఈ గది దాటాక కూడా మా మనిషిగా ఉండాలనుకుంటున్నావా లేదా?"

ఆలోచించడానికేమీ లేదు. పొద్దున టిఫిన్ సెంటర్ దగ్గరే ఆలోచన అయిపోయింది.

"ఇయ్యకు నవతా," అంది పూర్ణిమ అందరికీ వినపడేలా. "నీ ఫోన్ నీ దగ్గర్నే ఉండనియ్యి."

సోమయాజులు నోరు తెరవబోయాడు. అంతలో తలుపు తోసుకుని అటెండర్ వీరస్వామి లోపలికి వచ్చాడు. మీటింగ్ జరుగుతుండగా పిలవకుండా లోపలికి రాని మనిషి. మెట్లు ఎక్కి వచ్చాడేమో, రొప్పుతున్నాడు. ఆయన వెనకాల, తెరిచిన తలుపులోంచి, కింది నుంచి మాటల హోరు గదిలోకి వచ్చింది.

"సార్, పిల్లలొచ్చిన్రు. కౌంటర్ కాడ పట్టక మెట్ల దాక నిలబడ్డరు. ఇంకా వస్తున్రు. పొద్దుగాల అందిందని పచ్చగ వచ్చిందట. ఇందాక అందలేదని ఎర్రగ వచ్చిందట. ఇప్పుడు నొక్కితే మళ్ల పచ్చగ వస్తున్నదట. ఇందుల ఏది నిజమో చెప్తెగాని కదలమంటున్రు."

వీరస్వామి ఒక్కొక్కరి మొహమే చూశాడు. సోమయాజులు చాచిన చెయ్యి ఇంకా బల్ల మీదే ఉంది.

"కిందికి పొయ్యి ఏం చెప్పమంటరు సార్?"